రెండో గుండు

వేటను నిషేధించిన దేశంలో వేట రైఫిల్ మంచిచెడ్డలు మాట్లాడుకోవడం దేనికని కొందరికి అనిపించవచ్చు. రేణిగుంట చుట్టుపక్కల, శేషాచలం కొండల అంచున చెనిక్కాయ వేసే రైతుకు అట్లా అనిపించదు. ఊడలు దిగి కాయ గట్టిపడే వేళకు అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగితే చాలు, తెల్లారేసరికి చేను నాగలి పెట్టి దున్నినట్టు ఉంటుంది. అప్పుడు ఊళ్ళో తుపాకీ మాట వస్తుంది. ఆ మాట సరిగ్గా సాగకపోతే దాని బదులు కరెంటు తీగ వస్తుంది, నాటుబాంబు వస్తుంది. వాటికి పందీ మనిషీ తేడా తెలియదు. అందుకే ఒక మామకూ మేనల్లుడికీ మధ్య సాగిన తుపాకీ వాదనను చివరిదాకా విన్నాను, విన్నది రాస్తున్నాను.

మామ సైన్యంలో ఆర్మరర్. తుపాకులు విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించే పనిలోనే సర్వీసంతా గడిపి వచ్చి రేణిగుంట దగ్గర సేద్యం చేస్తున్నాడు. మేనల్లుడు పెన్సిల్వేనియాలో స్థిరపడ్డాడు. అక్కడ జింకల కాలంలో లైసెన్సు తీసుకుని అడవికి పోతాడు. అతను వాడేది రెమింగ్టన్ 760, పంప్ యాక్షన్ రైఫిల్. మామకు ఆ తుపాకీ అంటేనే పడదు.

అల్లుడు: మామా, పంప్ అంటే నీకు పోలీసోళ్ళ పన్నెండు బోరే కండ్ల ముందర నిలబడతాది. నేను చెప్పేది రైఫిల్ సంగతి. ముందుచెక్కను వెనక్కి లాగితే ఖాళీ కేస్ ఎగిరి బయట పడతాది, ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి పోతాది. కుడిచెయ్యి ట్రిగ్గర్ కాడనుంచి కదలదు, చెంప కట్టె మీదనుంచి లేవదు, కన్ను జంతువును వదలదు. గుండు గుండుకూ పిడి ఎత్తి లాగే బోల్ట్ రైఫిల్‌తో ఈ సుఖం లేదు కదా?

మామ: లేదు, ఒప్పుకుంటా. ముందు ఇది చెప్పు. గుండు యాడ పడతాది?

అల్లుడు: వంద గజాల దూరాన మూడు గుండ్లు వేస్తే అంగుళమున్నర, రెండంగుళాల లోపల పడతాయి.

మామ: మంచి బోల్ట్ రైఫిల్ అంగుళంలో పెడతాది. ఎందుకో చెప్తా విను. బోల్ట్ రైఫిల్‌కు కట్టె ఒకటే. బ్యారెల్ దాని మీద ఒక తీరుగా కూర్చుంటాది. మంచిగా చేసినోడు బ్యారెల్‌కు కట్టె తగలకుండా సందు వదుల్తాడు. నీ పంప్‌కు వెనక కట్టె ఒకటి, ముందుచెక్క ఒకటి. ఆ చెక్క బ్యారెల్ కిందుండే గొట్టం మీద జారాల. జారాలంటే వదులుండాల. వదులుంటే ఆడతాది. ఈ పూట గట్టిగా పట్టి కాలిస్తే గుండు ఒక చోట, రేప్పొద్దున మెత్తగా పట్టి కాలిస్తే ఇంకో చోట. ఇంగ ట్రిగ్గరంటావా, అది షాట్‌గన్ ట్రిగ్గర్‌కు తోడబుట్టిందే. గాజు విరిగినట్టు తెగాల్సింది, ఈడ్చుకుంటా పోతాది.

అల్లుడు: ట్రిగ్గర్ మాట నిజమే. మిగిలిందానికి నేను ఒప్పుకోను. 760లో బోల్ట్ తల తిరిగి, బ్యారెల్ వెనకభాగంలోనే నేరుగా తాళం పడతాది. పేలుడు బలమంతా ఆ రెండు ఉక్కుముక్కల మధ్యనే ఆగిపోతాది. 1912లో వచ్చిన రెమింగ్టన్ మోడల్ 14 ఒక మోస్తరు తూటాలకే పనికొచ్చేది. 1952లో 760 వచ్చినాకనే థర్టీ-ఓ-సిక్స్ లాంటి గట్టి తూటాను ధైర్యంగా పంప్‌లో పెట్టినారు. 1981లో దాని తమ్ముడు 7600 వచ్చింది. గురిలేని తుపాకీ అయితే ఇన్నేండ్లు జనం చేతిలో ఉంటాదా?

మామ: జనం చేతిలో ఉండడానికి వేరే కారణాలు ఉంటాయి. నాకు గురి లెక్క చెప్పు.

అల్లుడు: లెక్కే చెప్తా. అడవిపందికి గుండె, ఊపిరితిత్తులుండే చోటు ఎంత? నువ్వు అన్నం తినే పళ్ళెమంత. వంద గజాల్లో రెండంగుళాలు తప్పే తుపాకీ ఆ పళ్ళెంలో వెయ్యలేదా? నీ బోల్ట్ రైఫిల్‌కున్న ఆ అంగుళం లాభం కాగితం మీద కనపడతాది గానీ పంది మీద కనపడదు.

గురి వరకు నాకు అల్లుడి మాటే సరైనదిగా తోచింది. తుపాకీ పుస్తకాల్లో రాసే అంగుళాలన్నీ బల్ల మీద ఇసుకసంచి పరిచి, ఊపిరి బిగబట్టి, తొందర లేకుండా కాల్చినప్పటివి. మోకాలి మీద కూర్చున్నా, నిలబడ్డా, మంచె గుంజకు ఆనుకున్నా మనిషి చేతి వణుకు ఆ అంగుళాన్ని ఎప్పుడో మింగేస్తుంది. ఫిన్లాండ్‌లో దుప్పి లాంటి పెద్ద జంతువుల వేటకు పోవాలంటే ముందు ఒక పరీక్ష నెగ్గాలి. 75 మీటర్ల దూరాన 23 సెంటీమీటర్ల గుండ్రంలో నాలుగు గుండ్లు వేయాలి, అదీ 90 సెకండ్లలో. వేటకు కావలసిన గురి ఏపాటిదో ఆ దేశం అంత సూటిగా తేల్చింది. ఆ గుండ్రం కూడా ఇంచుమించు అల్లుడు చెప్పిన పళ్ళెమే. పంప్ రైఫిల్‌కు గురి లేదని కొట్టిపారేసేవాళ్ళు ఆ పరీక్ష పెడితే ఎందరు నిలబడతారో చూసుకోవాలి.

మామ అక్కడ ఆగే మనిషి కాదు.

మామ: సరే, గురి వదిలేస్తా. ఎండ సంగతి చెప్పు. మన రోహిణికార్తెలో రేకుల కింద పెట్టిన తూటా చేత్తో పట్టుకోలేవు. మందు వేడెక్కితే పేలుడులో ఒత్తిడి పెరుగుతాది. ఇత్తడి కేస్ ఉబ్బి లోపల కరుచుకుంటాది. బోల్ట్ రైఫిల్‌లో పిడి పైకెత్తేటప్పుడే లోపలుండే వాలు ఆ కేసును రవ్వంత వెనక్కి పెకలిస్తాది. నీ పంప్‌లో ఆ పెకలింపు బలం తక్కువ. నీ మోచేతి బలమే దిక్కు. ఇసకా దుమ్మూ పడిందనుకో, ముందుచెక్కను మోకాలికి ఆనించి గుంజాల్సిందే. ఆ గుంజే మనిషి ముందర గాయపడిన పంది నిలబడుండాదని గుర్తుపెట్టుకో.

అల్లుడు: శుభ్రంగా పెట్టుకున్నోడికి అట్లా కాదు మామా. కంపెనీ తూటా వాడి, లోపల తుప్పు లేకుండా చూసుకుంటే మంచులో, వానలో తడిసినా అది ఆడతాది. వెర్మాంట్‌లో లారీ బెనాయిట్ అనే వేటగాడు ఉండేవాడు, అక్కడ పెద్ద పేరు. ఆయనా ఆయన కొడుకులూ మంచులో మగజింక అడుగులు పట్టుకుని పొద్దంతా నడిచేవాళ్ళు. చెట్ల సందులో జింక కనపడేది రెండు మూడు సెకండ్లు. ఆ కుటుంబం చేతిలో ఉండేది పొట్టి బ్యారెల్ 760. మా పెన్సిల్వేనియాలో జింకలకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఇప్పటికీ కూడదు. 2017లో చిన్న జంతువులకు ఒప్పుకున్నారు గానీ జింకకు ఒప్పుకోలేదు. అందుకే చట్టం లోపల ఉంటానే చురుగ్గా కాల్చాలనుకునే వాళ్ళకు పంప్ ఇష్టం. ఆస్ట్రేలియాలో 1996 మారణకాండ తరువాత సెమీ ఆటోమేటిక్‌లను కట్టడి చేసినారు, పంప్ షాట్‌గన్‌లను కూడా కట్టడి చేసినారు. పంప్ రైఫిల్‌ను మాత్రం బోల్ట్ రైఫిల్ వరసలోనే వదిలినారు. గుండు గుండుకూ మనిషి చెయ్యి కదలాల, అదే లెక్క.

మామ: నువ్వు చెప్పిన ఊర్లన్నీ చూడు. మంచు, పగలు, ఖాళీ అడవి. మీ కాడ వేటగాడు నారింజరంగు చొక్కా వేసుకోవాలంటారే, ఎంత వేసుకోవాల?

అల్లుడు: తలా రొమ్మూ వీపూ కలిపి 250 చదరపు అంగుళాలకు తగ్గకుండా. కాల్చేది పొద్దు పొడిచేదానికి అరగంట ముందునుంచి, పొద్దు కూకినాక అరగంట దాకా. అంతే.

మామ: మా చేన్లో పంది వచ్చేది రాత్రి ఒంటిగంటకు. పక్క చేన్లో కాపలా ఉండే మనిషికి నారింజరంగు చొక్కా ఉండదు, కంబళి ఉంటాది. ఆ పక్కన ఇంకోడు టార్చిలైటు పట్టుకుని డబ్బా కొడతా ఉంటాడు. గట్టుకు అవతల బోరు మోటారు కాడ కరెంటు ఎప్పుడొస్తాదా అని ఒకడు పడుకునుంటాడు. థర్టీ-ఓ-సిక్స్ గుండు ఎంత దూరం పోతాది నాయనా?

అల్లుడు: అడ్డం లేకుంటే మూడు కిలోమీటర్లు దాటతాది.

మామ: మూడు కిలోమీటర్లలో ఇక్కడ ఎన్ని ఇండ్లు ఉండాయో చూసినావా? ఒక గుండుకే ఇంత భయం. నీ తుపాకీ గొప్పంతా రెండో గుండు తొందరగా పోతాదనే కదా? సైన్యంలో నేను చూసింది ఒకటుండాది. కాల్చే మనిషి మొదటి గుండుకు ఊపిరి బిగబడతాడు, రెండో గుండుకు బిగబట్టడు. మొదటిది ఆలోచించి వేస్తాడు, రెండోది బెదిరి వేస్తాడు. రాత్రిపూట చెనిక్కాయ చేన్లో బెదిరి వేసే గుండు నాకొద్దు.

మామ వాదనకు అసలు బలం ఇది. రైఫిల్ పనికొచ్చేదీ లేనిదీ దాని మరల్లో ఉన్నట్టు మనం మాట్లాడతాం. కాల్చే నేల ఏది, వేళ ఏది, వెనకాల ఎవరున్నారు అన్నవి చూస్తే తప్ప ఆ మాటకు అర్థం రాదు. వెర్మాంట్ అడవిలో వరమైన చురుకుదనమే రేణిగుంట దగ్గరి మామండూరు దారిలో మడికట్టు మీద ముప్పు అవుతుంది. అయితే అల్లుడి దగ్గర దీనికి జవాబు ఉంది. అది తేలిగ్గా తీసేసే జవాబు కాదు.

అల్లుడు: మన మామండూరు సంగతే తీసుకుందాం మామా. రేణిగుంట నుంచి కోడూరు పోయే లైన్లోనే కదా ఆ స్టేషన్? కెన్నెత్ ఆండర్సన్ 1957లో వేసిన పుస్తకంలో అక్కడి నరభక్షక పులి కథ ఉండాది. ఆయన చేతిలో ఏముండేది? వించెస్టర్ 1895, పాయింట్ 405. ట్రిగ్గర్ కింద పిడిని కిందికి తోసి పైకి లాగితే తూటా మారే లివర్ రైఫిల్. పంప్‌కు దగ్గరి చుట్టమే. దానికి కూడా కట్టె రెండు ముక్కలే. ఆయన జీవితమంతా దాన్ని నమ్ముకున్నాడు. ఎందుకంటావు? గాయపడిన పులి మీదికి వచ్చేటప్పుడు రెండో గుండు కావాల.

మామ: అదే కాలంలో పులుల వేటగాడు కార్బెట్ పాయింట్ 275 రిగ్బీ పట్టుకుని తిరిగినాడు. అది బోల్ట్ రైఫిల్. రెండో గుండు తొందరగా కావాలనుకున్న చోట డబుల్ బ్యారెల్ రైఫిల్ పట్టుకున్నాడు. దాంట్లో ఏదీ లాగేది లేదు, తోసేది లేదు. వేలు ఒక ట్రిగ్గర్ మీదనుంచి ఇంకోదాని మీదికి జరపాల, అంతే. నీ పంప్ కంటే అదే చురుకు. మా నాయన కాలంనుంచి ఇంట్లో ఉండే పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ కూడా అట్లాంటిదే.

అల్లుడు: దాంట్లో ఏం తూటా వేస్తావు?

మామ: శక్తిమాన్ ఎల్‌జీ. ఆరు గుండ్లుంటాయి. ఎస్‌జీ అయితే తొమ్మిది.

అల్లుడు: నలభై గజాలు దాటితే ఆ తొమ్మిదీ ఎటుపోతాయో ఎవరికీ తెలియదు. రెండు కడుపులో పడతాయి, ఒకటి కాల్లో పడతాది, మిగిలినవి మట్టిలో. పంది చావదు. కుంటుకుంటా కొండెక్కి మూడు దినాలు నరకం అనుభవిస్తాది. లేదంటే మరుసటి రోజు కట్టెలకు పోయిన ఆడమనిషి మీద పడతాది. ఒక రైఫిల్ గుండు సరైన చోట, తప్పితే వెంటనే ఇంకొకటి. పందికీ మనిషికీ అదే దయ. నీకు భయం రెండో గుండు ఎటు పోతాదోనని. నా భయం ఆ గుండు లేనప్పుడు మొదటి గుండు తిన్న జంతువు ఏమైపోతాదోనని.

మామ కొంతసేపు మాట్లాడలేదు. గాయంతో తప్పించుకున్న పంది ఎంత ప్రమాదమో కొండ అంచు ఊళ్ళలో ఎవరికీ చెప్పనక్కర లేదు. వేటను ద్వేషించేవాళ్ళూ ప్రేమించేవాళ్ళూ ఇద్దరూ ఒప్పుకోవలసిన మాట అల్లుడు చెప్పాడు. చంపడమే తప్పనిసరైతే త్వరగా చంపాలి.

మామ: దూరం తగ్గించుకో అంటా నేను. మంచె కట్టుకో. పదడుగుల ఎత్తునుంచి కిందికి కాలిస్తే తప్పిన గుండు కూడా మట్టిలోనే దిగబడతాది, పక్క చేన్లోకి పోదు. ముప్పై గజాల్లోకి వచ్చేదాకా చెయ్యి ఎత్తొద్దు. మంచె మీద ముందుచెక్కను లాగి తోస్తే ఆ గడగడ అడవంతా వినిపిస్తాది, మంద చెల్లాచెదురైపోతాది. నీకు రెండో పంది కూడా దొరకదు.

అల్లుడు: మంచె మీదికి రైఫిల్ తీసుకుపోవద్దని ఎవరన్నారు? కిందికి కాలిస్తే రైఫిల్ గుండు కూడా మట్టిలోనే కదా పోయేది? ముప్పై గజాల్లో రైఫిల్ తప్పదు. గడగడ అంటావా, మొదటి గుండు మోతకే మంద సగం దూరం ఉరికి ఉంటాది.

మామ: చట్టం ఏం చెప్తాదో చూడు. 1959 ఆయుధాల చట్టంలోనే పంట కాపలాకు లైసెన్సు అడిగితే ఏ తుపాకీ ఇవ్వాలని రాసుండాది? మూతిలోనుంచి మందు దట్టించే తుపాకీ. ఒక్కసారి కాలిస్తే మళ్ళీ మందు పోసి, గుడ్డ దూర్చి, గజంతో కొట్టేదానికి ఎంతసేపు పడతాదో నీకు తెలుసు. రాసినోళ్ళు తెలివి లేనోళ్ళు కాదు. రైతుకు ఒక్క గుండే అని తెలిసే రాసినారు.

అల్లుడు: అది పందిని చంపేదానికి రాయలేదు మామా, మోతకు మంద బెదిరి పోవాలని రాసినారు. 1959లో వేటగాండ్లు వేరే ఉండేవాళ్ళు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1991 సవరణతో వేట పూర్తిగా ఆగిపోయింది. కాలం మారింది, పందుల సంఖ్య మారింది, నువ్వింకా మూతిలో మందు దట్టిస్తావా?

మామ: మారిన చట్టమే చెప్తా. 2022 సవరణ తరువాత అడవిపంది రెండో షెడ్యూల్లో ఉండాది. పంటకు ముప్పని తేలితే పదకొండో సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు గానీ రాసిచ్చిన అనుమతి ఉండాల. ఆ అనుమతితో చంపిన పంది కూడా మనది కాదు, సర్కారుది. ముట్టుకుంటే కేసు. కేరళలో 2022లో పంచాయితీ ప్రెసిడెంట్లకు కూడా అనుమతిచ్చే అధికారమిచ్చినారు. 2015, 16లో కేంద్రం బీహార్‌లో, ఉత్తరాఖండ్‌లో కొన్ని జిల్లాల్లో అడవిపందిని కొన్నాళ్ళపాటు హానికర జంతువని ప్రకటించింది. ఇవన్నీ ఎక్కడికక్కడ, ఇంతకాలమని హద్దు పెట్టి ఇచ్చినవే. ఇట్లాంటి అనుమతి చేతిలో ఉండేవాడికి తొందర ఎందుకు?

ఇక్కడ నాదొక మాట. ఈ కొండల్లో కాలం ఎంత మారిందో చెప్పడానికి అలిపిరి నడకదారి చాలు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఒక చిన్నపిల్లను చంపింది. ఆండర్సన్ కాలమైతే ఒక రైఫిల్ బయలుదేరేది. ఇప్పుడు బోన్లు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి. చిరుతలను వరసగా బోన్లలోనే పట్టారు. భక్తుల చేతికి కర్రలిచ్చారు. బిడ్డ పోయిన దుఃఖంలోనూ తుపాకీ చివరి మాటగానే ఉండిపోయింది. అది మంచి మార్పని నేను నమ్ముతాను. పంది విషయంలోనూ కంచె, కాపలా, పంట మార్పిడి అన్నీ అయ్యాక వచ్చే చివరి పనిగానే తుపాకీని చూడాలి. అయితే చివరి పనిని చేతకానివాడికి అప్పగించడం అన్నిటికన్నా చెడ్డ పని. అసలు చర్చ జరగవలసింది దీని మీద. అల్లుడే అటు తిప్పాడు.

అల్లుడు: మామా, తుపాకీ ఏదన్నది కాసేపు పక్కన పెడదాం. ఇక్కడ లైసెన్సు ఉండేవాళ్ళు ఏడాదికి ఎన్నిసార్లు కాల్చి చూసుకుంటారు?

మామ: (మెల్లగా) తూటాలకు కోటా ఉండాది. ఉండే కాసిని తూటాలను సాధనకు ఎవరు కాలుస్తారు? దాచిపెట్టుకుంటారు. ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్లో అప్పజెప్పాల. తెచ్చుకునేసరికి పంట అయిపోయి ఉంటాది.

అల్లుడు: చూసినావా? పంప్ అయినా, బోల్ట్ అయినా, ఈశాపూర్ 315 రైఫిల్ అయినా, మీ నాయన డబుల్ బ్యారెల్ అయినా, ఏడాదికోసారి కూడా కాల్చనోడి చేతిలో అన్నీ ఒకటే. మా కాడ వేటకు తొలిసారి లైసెన్సు కావాలంటే ముందు పాఠాలు నేర్చుకుని పరీక్ష రాయాల. ఇక్కడ పంది మీద కాల్చే అనుమతి ఇచ్చే ముందు అట్లాంటిది పెట్టాలి. ఫిన్లాండ్ వాళ్ళ మాదిరి, కాల్చి చూపించమనాల.

మామ: ఆ మాట బాగుండాది. దానికి ఇంకో రెండు కలుపు. రాత్రిపూట పెట్టాల, టార్చి వెలుగులో. మంచె మీదనుంచి పెట్టాల. అట్ట పందుల మధ్య ఒక అట్ట మనిషిని కూడా నిలబెట్టాల, కంబళి కప్పి. ఆ మనిషి వెనకుండగా పంది మీద కాల్చినోడికి, పంది మీద గుండు సరిగ్గా పడినా సరే, అనుమతి ఇవ్వకూడదు. సాధనకు తూటాలు కోటాలో లెక్కపెట్టకుండా సర్కారే ఇయ్యాల.

అల్లుడు: ఆ పరీక్షకు నేను పంప్‌తో వస్తానంటే?

మామ: యాడనుంచి తెస్తావు? బయటి తుపాకీ తెచ్చుకునేదానికి ఇక్కడ మామూలు లైసెన్సుదారుకు దారి లేదు. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండగలిగే తుపాకులు కూడా మూడు నుంచి రెండుకు తగ్గించినారు.

అల్లుడు: ఉండాదనే అనుకో మామా. నలభై గజాల్లో, రాత్రి, అట్ట మనిషి పక్కన. నేను నీ డబుల్ బ్యారెల్‌కు ఏ మాత్రం తీసిపోను.

మామ: రా. మేగజీన్‌లో మాత్రం ఒక్కటే పెడతా.